పొట్టి కుక్క భయపడితే

దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీకి నైరుతి ఋతుపవనాలు మే నెలలోనే వస్తుంటాయి. ఉరుముకు ఇంటి పొట్టి కుక్క వణికితే ‘పాపం, చలి’ అని గుడ్డ కప్పుతాం. అది భయం కావచ్చు. తోక ముడవడం భయచిహ్నమని 1872లోనే డార్విన్ వర్ణించాడు. అంతకంటె సూక్ష్మమైనవే మన కంటికి ఆనవు: ఎదుట తిండి లేకున్నా పెదవులు నాకడం, నిద్ర రాకున్నా ఆవులించడం, ముఖం తిప్పుకొని తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, ఇష్టమైన చేపముక్కనైనా ముట్టకపోవడం.

చిన్న ప్రాణి కదా అని ఎత్తుకుంటే పారిపోయే దారి మూసినట్టే. అప్పుడది గుర్రుమంటుంది. గద్దించి మాన్పిస్తే హెచ్చరిక పోతుంది గాని భయం పోదు. మరొకసారి చప్పుడు చేయకుండానే కరవవచ్చు. మంచం కింద దూరితే ఉండనివ్వండి. తానుగా వస్తే నిమరండి. లాలన భయాన్ని పెంచుతుందనడం అపోహ. ఉరుములు ఆగినా వణుకు తగ్గకుంటే పశువైద్యునికి చూపాలి. నొప్పి కూడా ఇలాగే కనిపిస్తుంది.