పడవ గొప్పలు చెప్పుకుందాం, మన మాటల్లోనే

మన చుట్టాల్లో ఇప్పుడు పడవలున్నవాళ్లు రెండు రకాలు. పూరీ పెంటకోటలోనో, గోపాల్‌పూర్‌లోనో వేట మీద బతికేవాళ్లు ఒక రకం. బెంగళూరు, చెన్నై, పూణేల్లో ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవు దొరికితే గాలం పట్టుకుని నీటిమీదికి పోయేవాళ్లు రెండో రకం. మొదటివాళ్లవి ఫైబర్ పడవలు, రెండోవాళ్లవి ప్లాస్టిక్ కయాక్‌లు. పెళ్లిళ్లలో కలిసినప్పుడు మాత్రం ఇద్దరిదీ ఒకటే వరస. ఫోన్ తీస్తారు, ఫొటో చూపిస్తారు. "మాది పది హార్స్ పవర్" అని ఒకరంటే, "మాది పెడల్‌తో నడిచేది, పన్నెండు అడుగులు, కుర్చీతో సహా వచ్చింది" అని ఇంకొకరంటారు. ఈలోగా ఎవరో అత్తయ్య వచ్చి "చాల్లెండి మీ పడవల గోల, విస్తళ్లు వేసేశారు" అని లేపుతుంది.

ఈ విషయంలో నేను అత్తయ్య పక్షం కాదు. పడవ గురించి గొప్పలు చెప్పుకోవడం మంచిదే. మనవాళ్లు పడవ విద్య నేర్చుకున్నదే ఆ గొప్పల్లోంచి. నా బాధల్లా ఇప్పటి గొప్పలు మరీ పలచబడిపోయాయని. ధర, హార్స్ పవర్, రంగు. అంతటితో మాట అయిపోతోంది. ఆ మూడూ చెప్పుకోవడానికి తెలుగు కూడా అక్కర్లేదు.

మా పాతవాళ్లు ఏం చెప్పుకునేవారో గుర్తు చేసుకోండి. తెప్ప అంటే తేలిక కర్ర దుంగలు పక్కపక్కన పేర్చి బిగించిన పడవ. దానికి కడుపు ఉండదు కాబట్టి నీళ్లు నిండి మునగడమన్న మాట లేదు. దుంగల సందుల్లోంచి పైకొచ్చిన నీరు ఆ సందుల్లోంచే కిందికి పోతుంది. వేట నుంచి రాగానే కట్లు విప్పి, దుంగలు విడదీసి, ఇసుకలో ఆరబెట్టాలి. తడి పీల్చిన దుంగ బరువెక్కి మర్నాడు కెరటం మీద లేవదు. అందుకే ఒడ్డున కూర్చుని "నీ దుంగ సరిగ్గా ఆరలేదురా, చూడు ఎలా ఈడుస్తోందో" అని ఒకడంటే, "నీ కట్టు వదులు, అందుకే పక్కకి పోతోంది" అని ఇంకొకడనేవాడు. అది దెబ్బలాటలాగే వినపడేది. పక్కన వల సర్దుతున్న కుర్రాడికి మాత్రం అదే బడి.

పెద్ద వలలు వెయ్యాలంటే కుట్టు పడవ ఉండేది. పలకల్ని మేకులతో కాకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. లోపల పక్కటెముకల్లాంటి కమ్మీలు ఉండవు. చూసినవాళ్లకి ఇదేం పడవ, ఊగిపోతోంది అనిపిస్తుంది. ఊగడమే దాని బలం. కెరటం తెచ్చి ఇసుక మీద పడేసినప్పుడు గట్టి పడవైతే పగిలిపోతుంది, ఇది వంగి తట్టుకుంటుంది. మద్రాసుకి రేవు కట్టకముందు ఓడల్లోంచి మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చింది ఈ జాతి పడవలే. ఇంగ్లీషువాళ్లు వాటిని మసూలా బోట్లు అన్నారు. రేవు లేని ఒడ్డుకీ విరిగిపడే కెరటానికీ తగ్గట్టు మనుషులు కనిపెట్టిన పడవ అది.

నీటిని బట్టి పడవ అన్న సంగతి మన కుటుంబాలకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? మనం చెదిరి ఉన్న ఊళ్లే దానికి సాక్ష్యం. చిలికాలో నీటి లోతు చాలాచోట్ల మనిషెత్తు కూడా ఉండదు, అడుగంతా బురద. అక్కడ అడుగు చదునుగా ఉన్న పడవ కావాలి, వెదురు గడతో నెట్టుకుంటూ పోవాలి. యానాం దగ్గర గౌతమిలో పోటూ పాటూ చూసుకోవాలి, మొగ దగ్గర సుడి చూసుకోవాలి. అక్కడి పడవకి ముందు భాగం అణియం, వెనక భాగం అమరం. ఈ రెండు మాటలూ మన చెన్నై పిల్లలకి చెబితే అక్కడి తమిళ జాలర్లు కూడా గుర్తుపడతారు. కర్ణాటకలో తుంగభద్ర మీద, కావేరి మీద రాళ్ల మధ్య నీరు గిరగిరా తిరుగుతుంది. అక్కడ గుండ్రటి పుట్టి ఉండాల్సిందే. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన డొమింగో పేస్ అనే పోర్చుగీసాయన బుట్టల్లాంటి ఆ పడవల గురించి రాసిపెట్టాడు. లోపల వెదురల్లిక, బయట తోలు. మనుషులే కాదు, అవసరమైతే గుర్రాలూ ఎడ్లూ కూడా వాటిమీద ఏరు దాటగలిగేవట. మనం పుట్టి అనేదాన్ని కన్నడంవాళ్లు తెప్ప అని కూడా అంటారు. చెన్నైలో పుట్టిపెరిగిన పిల్లలకి తెప్ప అంటే కోనేటిలో దేవుడి తెప్పోత్సవమే గుర్తుకొస్తుంది. మాట ఒకటే, ఊరు మారితే పడవ మారింది.

ఇప్పుడు కయాక్ సంగతి. పట్నం పిల్లలు దాన్ని కొత్త వస్తువనుకుంటారు, పెంటకోటవాళ్లు ఆటబొమ్మ అనుకుంటారు. రెండూ నిజం కాదు. కయాక్ పుట్టింది మంచు సముద్రాల దగ్గర. గ్రీన్‌లాండ్ లాంటిచోట్ల ఇన్యూట్ జనం కొట్టుకొచ్చిన కర్రలతో, ఎముకలతో చట్రం కట్టి, పైన సీల్ జంతువు తోలు బిగించి చేసుకునేవారు. వేటగాడి ఒంటి కొలతలకి తగ్గట్టు ఎవరి కయాక్ వాళ్లకే. అంటే అదీ మన తెప్పలాగే కూటికోసం పుట్టిన పడవ.

ఇంకో చుట్టరికం కూడా ఉంది. గాలం వేసేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా కొనేది లోపల కాళ్లు దూర్చే పాత రకం కాదు, పైన కూర్చునే రకం. దానికి పైనుంచి అడుగుదాకా బెజ్జాలుంటాయి. అల వచ్చి పైన పడితే నీరు ఆ బెజ్జాల్లోంచి జారిపోతుంది. అది తెప్ప దుంగల సందు చేసే పనే. మా పెంటకోట మావయ్య ఒకాయన ఆ ఫొటో చూసి, "ఏటిది, పలాస్టీకు తెప్పా?" అన్నారు. అందరూ నవ్వారు గానీ, ఆ కయాక్ గురించి అంత సరైన మాట దాన్ని అమ్మినవాడు కూడా చెప్పి ఉండడు. తేడా కూడా ఉంది. తెప్పకి లేని కడుపు కయాక్‌కి ఉంది. మూత సరిగ్గా బిగించకపోతే లోపల నీరు చేరుతుంది, ఆ సంగతి పైన కూర్చున్నవాడికి వెంటనే తెలీదు. తెప్ప మనిషి అడిగే మొదటి ప్రశ్న అదే. అమ్మేవాడు చెప్పే ఆఖరి సంగతి కూడా అదే.

ఇలాంటి మాటలు పుట్టాలంటే ఇద్దరూ పడవ పని గురించి మాట్లాడుకోవాలి. ధర దగ్గరే ఆగిపోతే పుట్టవు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మళ్లీ తెప్పలు కట్టండి అని నేను అనడం లేదు. ఏసీ గదిలో కూర్చుని "పాత కర్ర పడవ అందమే వేరు" అనడం చాలా తేలిక. తడిసిన దుంగల్ని రోజూ భుజాన మోసినవాడు అలా అనడు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ వాళ్లు కెరటాలు దాటి నేరుగా ఇసుక మీదికి వచ్చే ఫైబర్ పడవల్ని తయారుచేసి మన తీరాల్లో ఆడించారు. 2004 సునామీ తర్వాత ఫైబర్ పడవ ఇంకా బాగా వ్యాపించింది. పుచ్చదు, ఆరబెట్టే పని లేదు, దూరం పోవచ్చు, తొందరగా తిరిగి రావచ్చు. 2013లో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్, 2019లో పూరీ దగ్గర ఫణి తీరం దాటినప్పుడు ఏ పడవైనా ఒకటే, ఒడ్డు మీద ఎంత పైకి లాగి కట్టామన్నదే లెక్క. కాబట్టి ఫైబర్ పడవ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

కానీ దానితోపాటు జరిగిన ఒక నష్టం ఎవరూ లెక్క రాయలేదు. ఫైబర్ పడవ అచ్చులోంచి వస్తుంది. మీదీ నాదీ ఒకే అచ్చు అయినప్పుడు కట్టు గురించి, కుట్టు గురించి, దుంగ గురించి వాదించుకోవడానికి ఏమీ మిగల్లేదు. మిగిలింది ఇంజను. దాంతో గొప్పంతా ఇంజను మీదికి పోయింది. పక్కింటివాడు పెద్ద ఇంజను పెట్టాడని మనమూ పెట్టాలి. దానికి అప్పు, నూనెకి ఇంకో అప్పు. అప్పిచ్చిన షావుకారికే చేపలు పోయ్యాలి, అతను చెప్పిందే ధర. గొప్పకి పోయి పెట్టిన ఇంజను ఇంటిని ఏ ఒడ్డుకి చేరుస్తుందో వేట ఇళ్లలో పుట్టినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

రెండో నష్టం భాషది. మన పిల్లలు ఒడియాలో చదువుతున్నారు, తమిళంలో, కన్నడంలో, మరాఠీలో చదువుతున్నారు. తప్పులేదు, ఉన్న ఊరి భాష రావాలి. అయితే ఇంట్లో మిగిలిన తెలుగు ఏమిటి? అన్నం, కూర, అత్త, బావ, రా, పో. ఆ తెలుగు వంటింటి గడప దాటదు. మన తెలుగు గడప దాటి దర్జాగా తిరిగిన చోటు సముద్రం ఒడ్డు ఒక్కటే. అక్కడ గాలికి, కెరటానికి, వల కన్నుకి, చేప వయసుకి కూడా మాట ఉండేది. ఆ మాటలు పుస్తకాల్లో లేవు, ముసలివాళ్ల నోళ్లలో ఉన్నాయి. వాదన ఆగిపోతే ఆ మాటలూ ఆగిపోతాయి. "ఇంజను, ఫైబర్, జీపీఎస్" అన్న మూడు మాటలకి ముగ్గురు మనుషులు ముగ్గురు భాషలవాళ్లైనా సరిపోతుంది.

అందుకని నేను చెప్పేది ఇంతే. గొప్పలు మానకండి, ప్రశ్నలు మార్చండి. ఈసారి ఎవరైనా ఫోన్ తీసి పడవ చూపిస్తే "ఎంతయింది?" అనే ముందు ఇవి అడగండి.

ఇది ఏ నీటి కోసం చేసిన పడవ? ముట్టుకాడు వెనక నీళ్లలో హాయిగా పోయే కయాక్ అక్కడికి దగ్గర్లోనే ఉన్న సముద్రపు కెరటాల్లో పనికిరాకపోవచ్చు. నీరు తెలియకుండా పడవని మెచ్చుకోవడం కాలు కొలత తెలియకుండా చెప్పు మెచ్చుకున్నట్టే.

తిరగబడితే మళ్లీ ఎలా ఎక్కుతావు? ఇది పట్నం పిల్లల్ని తప్పకుండా అడగాలి. లోతు తక్కువ ఉన్నచోట కావాలని తిరగేసి, మళ్లీ ఎక్కడం సాధన చేశావా? లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉంటుందా, పడవకి కట్టి ఉంటుందా? పడవకి కట్టిన జాకెట్ పడవని కాపాడుతుంది, మనిషిని కాదు. పెంటకోట కుర్రాళ్లనీ ఇదే అడగాలి. ఈత వచ్చు కదా అన్నది జవాబు కాదు.

ఒడ్డు ఎలా గుర్తుపడతావు? పూరీ జగన్నాథుడి గుడి గోపురాన్ని తెల్ల పగోడా అని, కోణార్క్‌ని నల్ల పగోడా అని పాత ఓడలవాళ్లు పిలిచేవారు. సముద్రంలోంచి వాళ్లకి గురుతులు అవే. మన తాతలూ ఒక కొండ కొననీ ఒక గుడి శిఖరాన్నీ కలిపి చూసి, చేపలుండే చోటు కనిపెట్టేవారు. జీపీఎస్ వాడండి, బ్యాటరీ అయిపోయిన రోజు కోసం ఆ గురుతులు కూడా నేర్చుకోండి.

ఖర్చులు పోను ఏం మిగిలింది? వేటవాళ్లని అడగండి. సరదాకి పోయేవాళ్లనైతే, కొన్నాక ఎన్నిసార్లు నీళ్లలో దింపావని అడగండి. బాల్కనీలో నిలబెట్టిన 40 కిలోల కయాక్ కూడా ఒక రకం అప్పే.

ఆఖరిది, ప్రతి భాగానికీ మన మాట ఏమిటి? పెడల్‌కి తెలుగు మాట పుట్టించమని కాదు. తెడ్డుని తెడ్డు అనండి, చుక్కానిని చుక్కాని అనండి, లంగరుని లంగరు అనండి, అణియాన్నీ అమరాన్నీ ముందూ వెనకా అని సరిపెట్టకండి. చేపల పేర్లూ అంతే. పండుగప్పని తమిళంలో కొడువా అంటారు, ఒడియాలో భెక్టి అంటారు. మూడూ తెలిసిన పిల్లకి నష్టమేముంది? మూడు ఊళ్ల బజార్లలో మోసపోకుండా కొనుక్కుంటుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం ఉంటుంది కదా. మర పడవలు ఒడ్డుకెక్కే రోజులవి, పిల్లలకి వేసవి సెలవులు కూడా అప్పుడే. బెంగళూరు, చెన్నై బావలు ఒక వారం ఆ ఒడ్డుకి రండి, వీలైతే కయాక్ కూడా తెచ్చుకోండి. పెంటకోట మావయ్యలూ, చిన్నాన్నలూ, మీరు దాన్ని చూసి వెటకారం చెయ్యండి, తప్పులు పట్టండి, మీ నోటికొచ్చిన మాటలతోనే పట్టండి. పక్కన ఒక పిల్లనో పిల్లాడినో ఫోన్‌లో రికార్డు చెయ్యమని కూర్చోబెట్టండి. రికార్డులు ఇక్కడికి పంపిస్తే, ఒక్కో మాటా ఏ ఊళ్లో ఎవరింట విన్నదో రాసి ఈ పేజీల్లో పెడతాం. అర్థం తెలియని మాటలు వస్తే ఇంకా మంచిది. వాటి గురించి దెబ్బలాడుకోవడానికి మనకి ఇంకో ఏడాది పని దొరుకుతుంది.