వంటింట్లో అతిథి



యాత్ర అంటే డబ్బున్నవాళ్ల వేడుక అని చాలామంది అనుకుంటారు. కాని తక్కువ ఖర్చుతో వెళ్లి, ఆ ఊరివాళ్ల ఇంట్లోనే బస చేసినవాడు ఎక్కువ చూస్తాడు, ఎక్కువ నేర్చుకుంటాడు. ఇందుకు లడఖ్ మంచి ఉదాహరణ.

లడఖ్ మన దేశానికి ఉత్తరపు కొసన ఉన్నది. అక్కడి ముఖ్య పట్టణం లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. గాలి పలుచన. సముద్రతీరంలో ఒకసారి పీలిస్తే దొరికే ప్రాణవాయువులో సుమారు మూడింట రెండు వంతులే అక్కడ దొరుకుతుంది. అందుచేత వెళ్లినవాళ్లు మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలి.

ఆ కొండల్లో మంచు చిరుతపులి తిరుగుతుంది. దాని తోక చాలా పొడుగు. చలివేళ ఆ తోకనే శాలువలాగా చుట్టుకుని పడుకుంటుంది. వింటే ముచ్చటగానే ఉంటుంది. కాని గొర్రెలు మేపుకుని బతికేవాడి సంగతి చూడండి! పైకప్పు లేని దొడ్డిలోకి అది ఒక్క రాత్రి దూకిందంటే ఎన్నో గొర్రెలు చచ్చిపడతాయి. అందుకే పూర్వం ఊరివాళ్లు కోపం పట్టలేక ఆ పులిని చంపేవారు. వాళ్లను తప్పుపట్టడం సులభమే. మరి గొర్రెలు పోయిన ఇంటికి దిక్కెవరు?

2002 ప్రాంతంలో ఒక ఉపాయం మొదలయింది. హెమిస్ జాతీయవనంలోని రుంబక్ వంటి ఊళ్లలో, కొండదారుల వెంట నడిచి వచ్చే యాత్రికులకు తమ ఇళ్లలోనే బస, భోజనం ఇవ్వసాగారు. అతిథులను వంతులవారీగా ఒక్కొక్క ఇంటికి పంపుతారు కనక అసూయలకు చోటు లేదు. వచ్చిన డబ్బులో కొంత ఊరి నిధికి పోతుంది. మరొకపక్క దొడ్లకు ఇనప వలలతో పైకప్పులు వేయడం సాగింది. పులి బతికి ఉంటేనే యాత్రికులు దాన్ని వెతుక్కుంటూ వస్తారు. శత్రువనుకున్న జంతువే అన్నం పెట్టసాగింది!

మరి అతిథికి దొరికేదేమిటి? వంటింట్లో పొయ్యి దగ్గర చోటు; ఉప్పు, వెన్న వేసి చిలికిన తేనీరు; వేయించిన బార్లీ పిండి. వాళ్ల మరుగుదొడ్లలో నీళ్లు పొయ్యరు. మన్నూ బూడిదా చల్లుతారు. అది ఎరువై పొలానికి పోతుంది. లేహ్‌లో ఏడాది వాన సుమారు 100 మిల్లీమీటర్లే గదా! నీటి విలువ ఆ ఇంట్లో ఉంటే తెలిసినట్టు పుస్తకంలో తెలియదు. "జూలే" అనే ఒక్క మాట నేర్చుకుంటే నమస్కారానికీ, కృతజ్ఞతకూ, సెలవు తీసుకోవడానికీ సరిపోతుంది.

అతిథికీ కొన్ని ధర్మాలున్నాయి. నిర్ణయించిన సొమ్ము దగ్గర బేరమాడకూడదు. అడగకుండా ఫొటో తీయకూడదు. పెట్టినది పారవేయకూడదు. అక్కరలేని ఆడంబరం మానుకుని పొదుపు చెయ్యాలిగాని, ఇంటివాళ్లకు ఇవ్వవలసినది తగ్గించి కాదు.

లడఖ్ దూరమే. కాని ఈ సెలవుల్లో మీరు ఏ ఊరు వెళ్లినా, ఎవరింట బస చేసినా మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు రాసుకోండి. మీకు నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి? మీ పొలంలో ఏం పండుతుంది? ఇక్కడ మీకు ఏది కష్టంగా ఉన్నది?

మూడో ప్రశ్న మరవకండి. అది అడగనివాడు పులి అందం చూసి వస్తాడు. గొర్రెలు పోయినవాడి దుఃఖం వాడికి తెలియదు.