బండి చక్రం కింద మన మంచినీళ్లు

మా వీధిలో ఓ తెలుగు కుటుంబం ఉంది. వేసవి సెలవులకు ఇండియా వెళ్లొచ్చారు. అక్కడ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో ఓ రిసార్టుకు తీసుకెళ్తే, పదిహేనేళ్ల వాళ్లబ్బాయి మొదటిసారి ఏటీవీ ఎక్కాడు. ఇక చూసుకోండి, క్లోనీ తిరిగొచ్చినప్పటి నుంచీ ఒకటే పాట: "నాన్నా, నాకూ ఓ క్వాడ్ బైకు కావాలి."

తండ్రి రాత్రి డ్యూటీలు చేసే మనిషి. కొడుకుతో గడపలేకపోతున్నానన్న బాధ లోపల ఉంది. క్రిస్మస్‌కు ఇచ్చేద్దామని సెకండ్ హ్యాండ్ బండి ఒకటి బేరం కూడా ఆడేశాడు. డబ్బు కట్టే ముందు మా దగ్గరికొచ్చి, "ఏమంటారన్నా? ఆదివారాలు విక్లో కొండల్లో తిప్పుకుంటాడు. రోడ్డు మీదికి రాడు కదా, ఎవరికి ఇబ్బంది?" అన్నాడు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్ల క్రితం అదే అనంతగిరిలో మేమూ ఏటీవీ నడిపాం. ఫొటో బాగా వస్తుందని ట్రాక్ వదిలి గడ్డిలోకి పోనిచ్చాం. దిగి వెనక్కి చూస్తే గడ్డి లేచిపోయి, రెండు ఎర్రమట్టి చారలు మిగిలాయి. గండిపేట నీళ్లు తాగి పెరిగామని గొప్పలు చెప్పుకునేవాళ్లం మేము. 1920లో కట్టిన ఆ గండిపేట చెరువుకు నీళ్లు తెచ్చే మూసీ పుట్టేది ఆ కొండల్లోనేనని ఆ పూట మాకు గుర్తే రాలేదు.

ఇక్కడా అదే కథ. డబ్లిన్ పరిసరాల్లో చాలామంది తాగేది లిఫీ నీళ్లు. ఆ లిఫీ పుట్టేది విక్లో కొండల్లో, శాలీ గ్యాప్‌కు దగ్గర్లో, కిప్పూర్ కొండ పక్కనున్న బాగ్‌లో. బాగ్ అంటే ఒట్టి బురద నేల కాదు. నాచు, గడ్డి పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లుగా పొరలు పొరలుగా పేరుకున్న నల్లటి మెత్తటి నేల. దాన్నే పీట్ అంటారు. అందులో తొంభై శాతం దాకా నీరే. వాన పడితే పీల్చుకుని మెల్లమెల్లగా వదులుతుంది.

ఈ పీట్ పెరిగేది ఏడాదికి సుమారు ఒక్క మిల్లీమీటరు. అంటే క్వాడ్ చక్రం పది సెంటీమీటర్ల లోతు గాడి చేసిందంటే, వందేళ్ల నేల ఒక్క నిమిషంలో పోయినట్టే. అంతటితో ఆగదు. పైనున్న నాచు చిరిగాక వాననీళ్లు ఆ గాడిలోనే పారి దాన్ని కాలువ చేస్తాయి. పక్కనున్న పీట్ ఎండుతుంది, బీటలు వారుతుంది, కొట్టుకుపోయి వాగుల్లో కలుస్తుంది. నేల మీదే గూడు పెట్టుకునే పక్షుల సంగతి సరేసరి.

2019 అక్టోబరు, నవంబరు నెలల్లో డబ్లిన్, కిల్డేర్, మీత్ ప్రాంతాల్లో ఆరు లక్షల మందికి పైగా నీళ్లు మరిగించుకుని తాగమని నోటీసు వచ్చింది, గుర్తుందా? దానికి కారణం నీటి శుద్ధిలో వచ్చిన సమస్య, క్వాడ్‌లు కాదు. కానీ కుళాయి నీళ్లను నమ్మలేని రోజులు ఎలా ఉంటాయో అప్పుడు మనందరికీ తెలిసొచ్చింది. నది పుట్టేచోటే మడ్డి కలిపితే శుభ్రం చేసే భారం కిందివాళ్లదే. ఆ కిందివాళ్లం మనమే.

ఇక చట్టం మాట. విక్లో మౌంటెన్స్ నేషనల్ పార్క్‌లో రోడ్డు దిగి బండి నడపడం నిషేధం. ఐర్లాండ్‌లో ఖాళీగా కనిపించే ప్రతి భూమికీ ఓ యజమాని ఉంటాడు. అనుమతి లేకుండా తిరిగే హక్కు లేదు. పదహారేళ్లు నిండని పిల్లలకు ఇలాంటి బండి అమ్మడమే కాదు, ఇవ్వడం కూడా నేరమే. అంటే ఇక్కడ ఇరుక్కునేది కొడుకు కాదు, కొనిచ్చిన తండ్రి. రోడ్డెక్కితే రిజిస్ట్రేషన్, టాక్స్, ఇన్సూరెన్స్, లైసెన్స్ అన్నీ ఉండాలి. 2023లో వచ్చిన రోడ్డు చట్టం ఈ బండ్ల విషయంలో గార్డాల అధికారాలు పెంచింది. వీసా, పౌరసత్వం కాగితాల మీద బతికే మనకు ఇలాంటి కేసు అవసరమా?

పొలాల్లో పనిచేసే సోదరులకు ఒక మాట. 2023 నవంబరు 20 నుంచి పనిలో క్వాడ్ నడిపేవాళ్లు శిక్షణ పూర్తిచేసి ఉండాలి, హెల్మెట్ పెట్టుకోవాలి. "ఊరికే ఆ మూలదాకా వెళ్లిరా" అని యజమాని తాళం చేతికిచ్చినా, శిక్షణ గురించి అడగండి. అడగడం తప్పు కాదు.

సరదా వద్దని మేము అనడం లేదు. డబ్బు కట్టి నడిపే క్వాడ్ సెంటర్లున్నాయి. ఇన్సూరెన్స్ ఉందా, పిల్లల వయసుకు తగిన బండి ఇస్తారా అని ముందే కనుక్కోండి. ట్రాక్ దిగకండి. మధ్యలో బురద గుంట వస్తే పక్క గడ్డిలోంచి తిప్పితే దారి వెడల్పవుతుంది, కాబట్టి నెమ్మదిగా గుంటలోంచే వెళ్లండి. వాగులోకి దింపకండి. గుర్రాలు, గొర్రెలు కనబడితే వేగం తగ్గించండి. ఇండియా వెళ్లినప్పుడు అనంతగిరిలోనూ ఇవే పాటించండి.

మా మిత్రుడు ఆ బండి కొనలేదు. ఓ ఆదివారం డ్యూటీ మార్చుకుని కొడుకుని శాలీ గ్యాప్‌కు తీసుకెళ్లాడు, మమ్మల్నీ రమ్మన్నాడు. రోడ్డు పక్కన నిలబడి, ఆ నల్లనేల మీంచి సన్నగా జారే నీటిపాయలు చూపించాం. "ఇవే మన ఇంటి కుళాయికొస్తాయా?" అన్నాడు పిల్లాడు. కాసేపు చూసి, "మరి క్వాడ్ సెంటర్‌కు ఎప్పుడు తీసుకెళ్తావు నాన్నా?" అని కూడా అడిగాడు. వచ్చే నెల వెళ్తున్నారు, ఇద్దరూ.