నొప్పి ఆమెది, నిర్ణయం ఎవరిది?

"ఇద్దరు బిడ్డల్ని కనింటివి. పిల్లల ఆపరేషన్ కూడా అయిపోయె. ఇంక ఆ సంచితో నీకేం పని? తీసేయించుకో, పీడ పోతుంది."

కర్నూలు, కడప జిల్లాల్లో నెలల తరబడి పొత్తికడుపు నొప్పి భరించే స్త్రీలకి ఈ మాట కొత్త కాదు. పనికొచ్చినంత కాలం గర్భసంచి వంశానిది. పని తీరాక అదొక పీడ! ఆ శరీరం తనదన్న ఆలోచన ఎవరికీ రాదు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. మన స్త్రీల గర్భసంచులు మాత్రమే అంతగా చెడిపోయాయా?

"వాళ్ళే అడుగుతున్నారు" అంటారు. నిజమే, అడుగుతారు. ఒకే దారి చూపించి, ఆ దారిలో నడిచిందని ఆమెనే సాక్ష్యంగా నిలబెట్టడం ఏం న్యాయం? తీయకపోతే క్యాన్సర్ వస్తుందని భయపెట్టాక ఆమె అన్న 'సరే' ఇష్టమా, భయమా?

దీర్ఘకాలపు నొప్పికి కారణం గర్భసంచే కానక్కర్లేదు. ఇన్ఫెక్షన్ కావచ్చు, ఎండోమెట్రియోసిస్ కావచ్చు, మూత్రాశయం, పేగులు, నడుము కండరాలు కావచ్చు. కారణాన్ని బట్టి యాంటీబయాటిక్స్, హార్మోన్ మాత్రలు, ఫిజియోథెరపీ వంటి మార్గాలున్నాయి. గర్భసంచి తీసేశాక కూడా నొప్పి పోనివాళ్ళున్నారు. అండాశయాలు కూడా తీసేస్తే వయసు రాకముందే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారతాయి. ఇవన్నీ విప్పి చెప్పడానికి అరగంట కావాలి. ఆపరేషన్‌కి రేటుంది, ఆ అరగంటకి రేటు లేదు.

అసలు ఆమెకేం కావాలి? ఒకామెకి ఇంకో బిడ్డ కావాలి. ఒకామెకి వంగి కలుపు తీయగలిగితే చాలు. ఇంకొకామెకి భర్త దగ్గరికొచ్చినప్పుడు కలిగే నొప్పే నరకం. ఆదోని, ఆలూరు ప్రాంతాల నుంచి గుంటూరు మిరప కోతలకి వలసపోయే ఆమెకి నెలనెలా డాక్టర్ దగ్గరికి రావడం కుదరదు. ఆపరేషన్ చేయించుకుంటే వారాల తరబడి బరువెత్తకూడదు. అన్నాళ్ళూ నీళ్ళబిందె ఎవరు మోస్తారు? కూలి ఎవరిస్తారు? ఇవేవీ అడగకుండా రాసిచ్చేది వైద్యమెట్లా అవుతుంది?

అన్నీ తెలుసుకుని ఒక స్త్రీ ఆపరేషనే కావాలంటే అది ఆమె హక్కు. ఆమెని తప్పుపట్టే అధికారం మనకీ లేదు.

చట్టం మన పక్షానే ఉంది. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో స్పష్టంగా చెప్పింది: పరీక్షకిచ్చిన అంగీకారం ఆపరేషన్‌కి అంగీకారం కాదు. ప్రాణాపాయం లేనప్పుడు, స్పృహలో లేని స్త్రీ తరఫున తల్లి సంతకం చేసినా చెల్లదు. ఇతర మార్గాలేమిటో, ప్రమాదాలేమిటో రోగికి చెప్పి తీరాలి. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీలుండాలి.

మన జిల్లాల్లో ఆ కమిటీ ఎక్కడుందో, ఎన్నిసార్లు కూర్చుందో కలెక్టర్లను అడుగుదాం. అందులో మహిళా సంఘాలకి చోటు కావాలందాం. ఆసుపత్రికి వెళ్ళే ప్రతి స్త్రీకీ తోడు వెళ్దాం. సంతకానికి ముందు మూడు ప్రశ్నలు అడిగిద్దాం: నొప్పికి కారణమేమిటి? వేరే దారులేమిటి? ఏమీ చేయకపోతే ఏమవుతుంది?

జవాబు వచ్చేదాకా వేలిముద్ర పడకూడదు.