గ్లైడరును లాగు చోదకుడు

సాహసమును మెచ్చుకొనుట సులభము. సాహసికి కావలి యుండువానిని గుర్తించుట కష్టము. శ్రీనగర్ కాలనీ, ఫిలింనగర్ ప్రాంతములవారి కీ సంగతి వేరుగా చెప్ప నక్కరలేదు. చలనచిత్రమున నాయకుడు గాలిలోని కెగిరినపుడు ప్రేక్షకులు చప్పట్లు కొట్టుదురు. తెరచాటున త్రాడు పట్టినవాని పే రెవ్వరును అడుగరు. ఆ త్రాడు జారినచో నాయకుని గతి యేమి? గ్లైడరు విద్యకును ఈ న్యాయమే వర్తించుచున్నది.

గ్లైడరనగా యంత్రములేని విమానము. అది తనంతట నేల విడువజాలదు. వించి యంత్రమునకు తీగ చుట్టి లాగి యెగురవేయుట యొక పద్ధతి. మన దేశమున నీ శిక్షణము చిరకాలము ఎక్కువగా నిట్లే నడచినది. మరియొక విమానమునకు సుమారు 60 మీటర్ల త్రాటితో కట్టి పైకి గొనిపోవుట రెండవ పద్ధతి. దీనివలన ఎక్కువ యెత్తును, కోరిన చోటును లభించును. కాని రెండు విమానములలోని ప్రాణములును ఒక్క త్రాటికే కట్టుబడును.

వేసవిలో వేడిగాలు లెగయు దక్కను పీఠభూమి గ్లైడరుల కనువైనదే. బేగంపేట కాలమునుండియు విమానవిద్య యీ నగరమునకు క్రొత్త కాదు. కావున మన యువకులు గ్లైడరులపై మనసుపడుట మెచ్చదగినదే. అయితే ముందుగా సమకూర్చుకొనవలసినది గ్లైడరులు కావు. వానిని లాగు చోదకులు.

"విమానము నడపనేర్చినవాడు త్రాడు లాగలేడా?" యని కొందరందురు. వేరు శిక్షణము లేనిదే లాగరాదని మా యుత్తరము. ఇతర చోదకులకు అపాయము ముందునుండి వచ్చును. ఇతనికి వెనుకనుండి వచ్చును. గ్లైడరు అదుపుతప్పి మీదికి లేచెనా, ముందున్న విమానపు తోక పైకి గుంజబడి ముక్కు నేలకు వంగును. కొన్ని వందల అడుగుల యెత్తుననే యిది సంభవించినచో కోలుకొనుటకు వ్యవధి యుండదు. త్రాడు విడుచు పిడిమీదికి చేయి తక్షణము పోవలెను. అది ఆలోచించి చేయు పని కాదు, అభ్యాసముచే జరుగు పని.

సంకేతములును అట్టివే. లాగువాడు రెక్కలూపినచో "తక్షణము త్రాడు విడువుము" అని యర్థము. చుక్కాని నటునిటు కదపినచో "నీ ఎయిర్‌బ్రేకులు తెరచియున్నవి, చూచుకొనుము" అని యర్థము. రెండవదానిని మొదటిదిగా భ్రమించి, చాలినంత ఎత్తు లేకయే త్రాడు విడిచి కూలిన గ్లైడరులు విదేశములలో కలవు.

అమెరికా నిబంధనలను చూడుడు. ప్రధానచోదకుడుగా కనీసము 100 గంటల యనుభవము లేనివాడు గ్లైడరును లాగరాదు. అర్హుడైన చోదకుడు ప్రక్కనుండగా మూడు పర్యాయములైన నభ్యసింపవలెను. పిమ్మటను 24 నెలల కొకమారు అభ్యాసమును పునరుద్ధరించుకొనుచుండవలెను. త్రాటి బలమునకు సైతము కొలత కలదు. త్రాడు మరీ బలహీనమైనచో నడుమనే తెగును. మరీ బలమైనచో తెగవలసినపుడు తెగక విమానమునే విరుచును.

మనకు వీనికి తోడు మన యెండ యొకటి కలదు. హైదరాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైబడి యున్నది. 40 డిగ్రీల వేడిమిలో ఇచటి గాలి, సాధారణముగా 1,500 మీటర్ల యెత్తున నుండు గాలివలె పలుచనగును. యంత్రబలము తగ్గును, పరుగు పెరుగును. చల్లని దేశపు లెక్కల నిచట నమ్మినచో మోసపోవుదుము.

మరియొక ప్రలోభము కలదు. వాణిజ్యచోదకుని పత్రమునకు మన దేశమున 200 గంటల ప్రయాణము కావలయును. గంటలు కూడబెట్టుకొనగోరు యువకుని జీతము లేకయే త్రాడు లాగుటకు నియోగించుట నిర్వాహకులకు చౌకబేరముగ తోచును. ఈ చౌకయే రేపు ప్రాణములతో వెల కట్టించును. 2023 డిసెంబరు 4వ తేదీన దుండిగల్ వైమానిక దళ అకాడెమీ శిక్షణవిమానము మెదకు జిల్లా తూప్రాను చెంత కూలి, శిక్షకుడును శిక్షార్థియు అసువులు బాసిరి. అంతటి క్రమశిక్షణ కల చోటనే ఆకాశము క్షమింపనప్పుడు, ఔత్సాహికుల సంఘము లెంత జాగరూకతతో మెలగవలెనో వేరుగా చెప్పవలెనా?

కావున మూడు కట్టుబాట్లు ముందుగా నేర్పడవలెను. ప్రతిదినము త్రాటిని, కొక్కెమును పరీక్షించి సంతకము చేయు బాధ్యుడొక్కడు ఉండవలెను. అపాయము కనబడినచో ఎగురుటను నిలుపు నధికారము మైదానముననున్న పిన్నవానికిని ఉండవలెను. త్రాడు తెగినచో దిగుటకు మైదానము కావల బయలుండవలెను. చుట్టును మేడలు క్రమ్ముకొన్న బేగంపేటయం దట్టి బయలు లేదు. నగరమునకు దూరముగా వెదుకవలసినదే. అచటి భూస్వాములతో ముందుగా మాటాడి, దిగిన గ్లైడరువలన పైరు చెడినచో పరిహార మిచ్చుటకు ఒడంబడిక చేసికొనుట న్యాయము.

విరాళము కోరి సంఘములవారు తమ గుమ్మము త్రొక్కినపుడు మన పెద్దలు గ్లైడరు వెల యెంతయని యడుగుటకు ముందే, "లాగువాడెవడు? అతనికి నేర్పినవారెవరు?" అని యడుగుదురుగాక. ప్రత్యుత్తరము తడబడినచో సంచి ముడి విప్పకుండుటయే ఆ యువకులకు మనము చేయగల మేలు.