పదిహేడో గ్రూపు ఎక్కడికి పోయింది?

మినీ ప్రాజెక్ట్ సబ్మిషన్‌కి ముందు రాత్రి, ల్యాబ్‌లో మా టీమ్ ఫోల్డర్ నాకొక్కడికే తెరుచుకోలేదు. పర్మిషన్ డినైడ్. మిగతా ముగ్గురికీ బాగానే వస్తోంది. "పని చేయకుండా సాకులా?" అంది మా టీమ్ లీడ్. ఐడీ కమాండ్ కొట్టి చూపించా. నేను మొత్తం 18 గ్రూపుల్లో ఉన్నాను, అందులో మా టీమ్ గ్రూపూ ఉంది. సబ్జెక్టుకొకటి, క్లబ్బుకొకటి పెడితే అన్ని అవుతాయి మరి.

ఎక్కడో లిమిట్ ఉంది, పెంచేద్దాం అనుకున్నా. లినక్స్‌లో ఒకప్పుడు ఒక యూజర్‌కి 32 గ్రూపులే ఉండేవి. 2004లో వచ్చిన 2.6.4 కెర్నెల్ నుంచి 65536. ఆ సంఖ్య ప్రాక్ కింద ఎన్‌గ్రూప్స్ మ్యాక్స్ అనే ఫైల్లో కనిపిస్తుంది. ల్యాబ్‌లో మనకి రూట్ ఇవ్వరు కదా, నా ల్యాప్‌టాప్‌లోనే మార్చి చూద్దామనుకున్నా. రూట్‌ని కూడా పొమ్మంది! అది చదువుకోవడానికి మాత్రమే. నడుస్తున్న కెర్నెల్‌లో ఆ లిమిట్ మార్చలేం, సోర్స్‌లో మార్చి మళ్లీ కంపైల్ చేయాల్సిందే.

అప్పుడు ఒళ్లు మండింది. ఇప్పుడైతే కెర్నెల్‌నే సమర్థిస్తాను. నా లిమిట్ ఇంత, మార్చనివ్వను అని ముఖం మీదే చెప్పింది. అయినా 65536 ఎక్కడ, నా 18 ఎక్కడ? ఆ రాత్రి నాకది తట్టనే లేదు.

అసలు దొంగ వేరే. మా ఫోల్డర్లన్నీ ఎన్ఎఫ్ఎస్ సర్వర్ నుంచి వస్తాయి. మామూలు ఆథ్ సిస్ పద్ధతిలో క్లయింట్ ప్రతి రిక్వెస్ట్‌తో పాటు మన గ్రూపుల నంబర్లు పంపిస్తుంది. ఆ లిస్టులో చోటు 16కే. లినక్స్ గ్రూపుల్ని నంబర్ల వరసలో పెడుతుంది కాబట్టి పెద్ద నంబర్లవి బయట పడిపోతాయి. అందరికన్నా కొత్తది మా టీమ్ గ్రూపే. పడిపోయిందని క్లయింట్ చెప్పదు, సర్వర్‌కి తెలియదు, ఐడీ మాత్రం అన్నీ ఉన్నాయంటుంది. నేను అబద్ధం ఆడుతున్నట్టు కనిపించింది అందుకే.

లిమిట్ ఉండటం తప్పని నేను అనను. దాటినవాటిని చప్పుడు చేయకుండా కోసేయడం తప్పు. (అరే సైజ్ 100 పెట్టి 101వ ఎంట్రీని గుట్టుగా వదిలేసే కోడ్ మనమూ రాస్తాం. నేనూ రాశా.)

పొద్దున్నే ల్యాబ్ అన్న సర్వర్‌లో మౌంట్‌డీకి మేనేజ్ జిడ్స్ అనే ఆప్షన్ పెట్టి రీస్టార్ట్ చేశాడు. ఇప్పుడు క్లయింట్ పంపే లిస్టుని పక్కనపెట్టి, సర్వరే మన గ్రూపులు వెతుక్కుంటుంది. కెర్నెల్‌ని ఎవరూ ముట్టుకోలేదు.

టీమ్ లీడ్ సారీ ఏం చెప్పలేదు. ఫోల్డర్ తెరుచుకోగానే "అయితే రిపోర్ట్ నువ్వే రాయి" అంది.