మంద నడిచిన నేల ఎవరిది?

దక్షిణాఫ్రికా అడవుల్లో గొర్రె ఏనాడూ లేదు. కాబట్టి అక్కడి పడమటి తీరంలో పాత నేలపొరలో గొర్రె ఎముక ఒక్కటి దొరికినా అది ఎవరో తోలుకొచ్చిన జీవానిదే. పురావస్తు శాస్త్రంలో ఇంత తేటగా చెప్పగలిగే మాటలు తక్కువ. చిక్కల్లా అది గొర్రె ఎముకేనా అన్నదగ్గర వస్తుంది. చితికిన ముక్కను చూసి గొర్రెనూ స్ప్రింగ్‌బాక్ జింకనూ వేరు చేయడం తలపండిన నిపుణులకూ కష్టం. గొర్రెలవనుకున్న ఎముకలు కొన్ని జింకలవని 2016లో వెలువడిన ప్రాచీన డీఎన్ఏ అధ్యయనం తేల్చింది. అంతకుముందే, 1994లో, పురావస్తు పరిశోధకులు జుడిత్ సీలీ, రాయ్డెన్ యేట్స్ పొరలోని బొగ్గును వదిలి ఎముకకే నేరుగా కార్బన్ పరీక్ష చేయించారు. కొన్నిచోట్ల పొర కంటే ఎముక వయసే తక్కువని బయటపడింది. పైపొరల నుంచి కిందికి జారినవన్నమాట. పరీక్షకు నిలిచినవాటిలో నమాక్వాలాండ్ తీరంలోని స్పోగ్‌రివియర్ గుహ ఎముక ముఖ్యమైనది. దాని వయసు సుమారు 2,100 ఏళ్లు.

ఆనవాళ్లు ఇంత పలచగా ఎందుకున్నాయో ఆ నేలను చూస్తే తెలుస్తుంది. మనం కరవు సీమ అనే అనంతపురంలోనే ఏడాదికి 500 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది. నమాక్వాలాండ్ ఉత్తర తీరంలో వంద కూడా పడదు. చల్లని బెంగ్వేలా ప్రవాహం మీదుగా వచ్చే పొగమంచే అక్కడి పొదలకు ఆధారం. అలాంటి చోట మంద ఒకచోట నిలిస్తే బతకదు. ఖోయిఖోయి ప్రజల్లో ఒక తెగ అయిన నామా కాపరుల ఇల్లు కూడా మందతో పాటే కదిలేది. వంచిన కర్రల మీద చాపలు కప్పి కట్టేవారు, విప్పి ఎద్దుల మీద వేసుకుని పోయేవారు. పునాది ఉండదు, గోడ ఉండదు. తవ్వేవాడికి దక్కేది పొయ్యి బూడిద, కుండపెంకులు, ఎముకలు.

కేప్‌టౌన్‌కు ఉత్తరాన వ్రెడెన్‌బర్గ్ ద్వీపకల్పంలోని కాస్టీల్‌బర్గ్ అనే రాతిగుట్ట అందుకే విలువైనది. 1980ల నుంచి ఆండ్రూ స్మిత్ బృందం అక్కడ తవ్వింది. గొర్రె ఎముకలతో పాటు సీల్ ఎముకలు గుట్టలుగా దొరికాయి. కుండపెంకుకు అంటిన జిడ్డును పరీక్షిస్తే సముద్ర జంతువు కొవ్వని తేలింది. మంద చేతిలో ఉంది, కూర మాత్రం సముద్రంలోంచి వచ్చింది! నాకిందులో వింతేమీ కనిపించదు. జీవాలను పెంచేవాడు రోజూ వాటినే కోసుకు తింటాడని అనుకునేది మంద లేనివాళ్లే.

పండితుల పేచీ కూడా ఇక్కడే. ఖోయిఖోయి కాపరులు ఉత్తరం నుంచి మందలతో తరలివచ్చారని స్మిత్ వాదం. స్థానిక వేటగాళ్లే గొర్రెలను సంపాదించుకుని, వేట మానకుండానే కాసుకున్నారని కరీం సదర్ వాదం. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే తూర్పు ఆఫ్రికా జన్యువు నామాల్లో ఉందని 2014లో తేలడంతో వలస వాదానికి బలం వచ్చింది. అయితే మనుషులు వచ్చారన్న రుజువు తొలి గొర్రె వాళ్లతోనే వచ్చిందనడానికి రుజువు కాదు. జీవాలు చేతులు మారుతూ ముందే చేరి ఉండొచ్చు. నా మొగ్గు ఇటే.

కాపరుల జాడను పోల్చుకోలేకపోవడం మనకూ జరిగింది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు (ఆదిలాబాద్‌ది కాదు) లాంటి చోట్ల ఉన్న బూడిద దిబ్బల మీద ఎన్నో ఊహలు సాగాయి. 1957లో పురావస్తువేత్త ఆల్చిన్ తవ్వాక అవి పశువుల దొడ్లలో కాలిన పేడ దిబ్బలని తెలిసింది. ఆవుల గిట్టల ముద్రలు కూడా దొరికాయి.

దక్షిణాఫ్రికాలో ఈ పొరపాటు పండితుల గదిలో ఆగలేదు, భూమి దాకా పోయింది. పడమటి కొసన ఉన్న రిచ్టర్స్‌వెల్డ్‌ను బ్రిటిష్‌వాళ్లు 1847లో కలుపుకున్నారు. 1920లలో వజ్రాలు బయటపడ్డాక కాపరులు ఆ నేలకు దూరమయ్యారు. తమ నేల తమకిమ్మని వాళ్లు కోర్టుకెక్కితే, కలుపుకున్ననాడే వాళ్ల హక్కు పోయిందని కింది కోర్టు తేల్చింది. 2003లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కాదంది. వాళ్ల ఆచార చట్టం ప్రకారం భూమి, కింది ఖనిజాలతో సహా, వాళ్లదేనంది. అక్కడ పనికొచ్చింది శిథిలాలు కాదు, కట్టుబాటు. బయటివాళ్లు ఆ నేలను వాడుకోవాలంటే అనుమతి తీసుకోవాలి, కొన్నిసార్లు సొమ్ము కట్టాలి. మన లెక్కలో పుల్లరి అనుకోండి.

ఈ తీర్పు అందరికీ అక్కరకు రాదు. 1913 జూన్ 19 తర్వాత పోయిన భూమికే అక్కడి చట్టం దారి చూపుతుంది. వజ్రాలు ఆలస్యంగా దొరికాయి కాబట్టి రిచ్టర్స్‌వెల్డ్ వాళ్లు ఆ గడువులో పడ్డారు. కేప్ ప్రాంతపు ఖోయిఖోయిలు మేత నేల కోసం డచ్చివాళ్లతో యుద్ధానికి దిగింది 1659లో. వాళ్ల వారసులకు 1913 తేదీ అడ్డుగోడ. దాన్ని వెనక్కి జరపాలి. రుజువేదని అడిగేవాళ్లకు ఎముకలూ కుండపెంకులూ చాలకపోవచ్చు. కానీ 1660 సంధి మాటల్లో ఖోయి నాయకులు తమ నేల తమకిమ్మని అడిగారనీ, యుద్ధంలో గెలిచింది తిరిగి ఇచ్చేది లేదని జవాబు చెప్పామనీ డచ్చి అధికారి యాన్ వాన్ రీబెక్ దినచర్యే నమోదు చేసింది. గడువు సవరణ చర్చకు వస్తే పార్లమెంటు ముందు మొదట పెట్టాల్సిన సాక్ష్యం అది.